కారు దానంతటది బ్రేకేస్తోంది, ఏడాస్ వాడేవాళ్లు కాస్త చెప్పండి

కడప_కారువాడు

ఈ వేసవిలో కొత్త కారు తీసుకున్నా. టాప్ వేరియంట్, ఏడాస్ లెవెల్ 2, అదే కెమెరా, రాడార్‌తో చూసి డ్రైవరుకు సాయం చేసే సిస్టమ్. ఏ కంపెనీ అని అడగొద్దు, పేరు చెబితే చర్చ అటు మళ్లిపోతుంది. నిన్న రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నాం. ఒక మలుపులో ఎడమ అంచున లారీ ఆపుకుని టైరు మారుస్తున్నారు. దాన్ని దూరం నుంచే చూశా, యాక్సిలరేటర్ వదిలేశా, స్టీరింగ్ తిప్పబోతున్నా. అంతలో మీటర్లో ఎర్రబొమ్మ వెలిగింది, కీకీమని అరిచింది, నేను కాలు పెట్టకముందే కారు గట్టిగా బ్రేకేసుకుంది. బెల్టు ఛాతీకి బిగుసుకుంది. వెనక సీట్లో అమ్మ ఒళ్లో ఉన్న పాలకోవా పొట్లం ఎగిరి గేరు రాడ్ దగ్గర పడింది. వెనకొచ్చే బస్సు డ్రైవరు హారన్ కొడుతూ పక్కనుంచి పోతూ ఏదో అన్నాడు. వినపడలేదు గానీ అర్థమైంది.

ఇదొక్కటే కాదు. సింగిల్ రోడ్డులో గుంత తప్పిద్దామని కాస్త కుడికి జరిగితే స్టీరింగ్ వెనక్కి లాగుతోంది. సర్వీస్ సెంటర్లో చూపిస్తే "అంతా నార్మలే సార్" అన్నారు. అందరికీ ఇంతేనా? మా నాన్నయితే మొత్తం ఆఫ్ చేసి పారెయ్ అంటున్నాడు.

బండిపిచ్చి_అనంత

అందరికీ ఇంతే అన్నా. పాలకోవా బాగానే ఉందా?

కడప_కారువాడు

పొట్లం గట్టిగా కట్టారు, బతికింది.

పాత_అంబాసిడర్

నాన్నగారు చెప్పిందే వినండి. నేను ఆత్మకూరు నుంచి దోర్నాల దాకా అడవి రోడ్డులో రాత్రిళ్లు నడిపినవాణ్ని, పవర్ స్టీరింగే లేని రోజుల్లో. ఎదురు బండి డిప్పర్ కొట్టిన తీరు చూసి ముందు ఏముందో తెలిసేది. రెండు లక్షలు ఎక్కువ పెట్టి అరిచే పెట్టెను కొనుక్కోవడం ఎందుకో నాకు అర్థం కాదు. డ్రైవింగ్ వచ్చినవాడికి అక్కర్లేదు. రానివాడి చేతికి ఇస్తే ఇంకా ప్రమాదం.

పెన్నొడ్డు_టీచర్

అప్పుడు రోడ్డు మీద ఇన్ని బండ్లు లేవు కదా సార్. ఫోన్ చూసుకుంటూ రాంగ్ రూట్లో వచ్చే బైకులు అసలే లేవు.

సెన్సార్_సీమ

కడప_కారువాడు గారూ, నేను బెంగళూరులో ఈ పనే చేస్తా, ఊరు మాత్రం ధర్మవరం పక్కన. మీ కారు లేనిదాన్ని చూడలేదు, ఉన్నదాన్నే చూసింది. బంపర్‌లో ఒక రాడార్, లోపలి అద్దం వెనక ఒక కెమెరా ఉంటాయి. రెండూ కారు ముక్కు ఎటుంటే అటు చూస్తాయి. మలుపులో ముక్కు ఇంకా లారీ వైపే ఉంది. మీరు స్టీరింగ్ తిప్పబోతున్నారని మీకు తెలుసు, దానికి అప్పటిదాకా తిప్పినంతే తెలుసు. లెక్క కట్టుకుంది, గుద్దేస్తాం అనుకుంది, బ్రేకేసింది. ఘాట్లలో ఆగిన బండ్లు, రైలింగ్, ఎదురొచ్చే బస్సు, అన్నింటి దగ్గరా ఈ గొడవ ఉంటుంది. మాన్యువల్లో చిన్న అక్షరాల్లో రాసే ఉంటారు.

సెటింగ్స్‌లోకి వెళ్తే ముందు బండి హెచ్చరికకు టైమింగ్ ఉంటుంది. చాలా కార్లలో తొందరగా, మామూలుగా, ఆలస్యంగా అని మూడు. ఘాట్ రోడ్డు ఎక్కువ తిరిగేవాళ్లు ఆలస్యంగా పెట్టుకోండి. బ్రేకు మాత్రం ఆపొద్దు. స్టీరింగ్ లాగేది లేన్ కీప్, అంటే కారును రోడ్డు గీతల మధ్యే ఉంచేది, దాని బటన్ వేరు. నాన్నగారు ఆఫ్ చెయ్యమన్నది ఏదో ముందు కనుక్కోండి. రెంటినీ ఒకే మూట కట్టొద్దు.

డోన్_డీజిల్

లేన్ కీప్ నేను కొన్నరోజే ఆపేశా. పక్కసీట్లో కూర్చున్న మామగారి మాదిరి చెయ్యి పెట్టి స్టీరింగ్ లాగుతుంది. మన ఊళ్లలో లేన్ అంటే ఏంది? గీత ఉన్నచోట వడ్లు ఆరబోసి ఉంటారు.

బండిపిచ్చి_అనంత

వడ్లు కాదన్నా, మా వైపు చెనిక్కాయ కట్టె. పక్కన రాళ్లు కూడా పెడతారు, బండ్లు తొక్కకుండా. ఆ రాళ్లను ఏ కెమెరా చూస్తుందో చెప్పమనండి.

కర్నూలు_ట్రావెల్స్

నేను కిరాయి బండి నడుపుతా. కర్నూలు నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టు, మంత్రాలయం, అహోబిలం, ఎక్కువ ఇవే. మా సేటు బండికి ఏడాస్ ఉంది. నాకు నచ్చింది ఒకటి, భయపెట్టింది ఒకటి.

నచ్చింది క్రూయిజ్. 44వ నంబరు హైవేలో గుత్తి దాటినాక 90లో పెట్టుకుంటే ముందు బండిని బట్టి అదే తగ్గుతుంది, అదే పెరుగుతుంది. రాత్రి పొద్దుపోయి వస్తా ఉంటే కాలికి చాలా సుఖం. భయపెట్టింది కూడా అదే. కాసేపల్లి టోల్ దగ్గరికి వస్తున్నా, ముందు లారీ మెల్లగా పోతా ఉంది, నా బండి దాని వెనక 30లో గమ్మున పోతా ఉంది. లారీ వాడు పక్క గేటు ఖాళీగా ఉందని అటు తిప్పేసినాడు. ముందు ఖాళీ అయిపోయింది కదా, దీనికి 90 గుర్తొచ్చింది. ఒక్కసారిగా ఇంజన్ గుర్రుమని టోల్ గేటు మీదికి లేచింది. బ్రేకు తొక్కితే క్రూయిజ్ పడిపోయి ఆగింది. వెనక కూర్చున్న సారు "ఏమప్పా, ఫాస్టాగ్‌లో డబ్బుల్లేవా, దూకిచ్చేస్తున్నావు" అన్నాడు.

పెన్నొడ్డు_టీచర్

నవ్వు ఆగలేదు. కానీ ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. టోల్ బోర్డు కనబడగానే క్రూయిజ్ తీసేయాలి. సేల్స్‌వాళ్లు ఈ ముక్క ఒక్కరికీ చెప్పరు.

సెన్సార్_సీమ

ట్రావెల్స్ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దాని రెండో సగం కూడా వినండి. ముందు బండి ఉన్నట్టుండి పక్కకు తప్పుకుంటే, దాని ముందు ఆగి ఉన్న బండి హఠాత్తుగా బయటపడుతుంది. హైవే స్పీడులో క్రూయిజ్ దాన్ని పట్టించుకుంటుందని నమ్మొద్దు. రాడార్ వేగం తేడాను చూసి పనిచేస్తుంది. కదిలే బండి సులభంగా దొరుకుతుంది. కదలనివి రోడ్డు మీద వేలల్లో ఉంటాయి. సైన్‌బోర్డు, బ్రిడ్జి, డివైడర్, రోడ్డు మీది ఇనుప మూత, ప్రతిదానికీ బ్రేకేస్తే బండి ముందుకు పోదు. అందుకని కదలని వాటిలో చాలావాటిని అది వడకట్టేస్తుంది. కెమెరా అది బండేనని తేల్చుకుంటేనే బ్రేకు పడుతుంది. హైవే పక్కన ఆగిన లారీల వల్ల మన దగ్గర ఎన్ని ప్రమాదాలు జరుగుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

పాత_అంబాసిడర్

అంటే ఘాట్లో ఆగిన లారీకి అక్కర్లేకుండా బ్రేకేస్తుంది, హైవేలో ఆగిన లారీకి అక్కర ఉన్నప్పుడు వేస్తుందో లేదో తెలీదు. దీనికి రెండు లక్షలు.

డోన్_డీజిల్

పెద్దాయన కొట్టాడు చూడు దెబ్బ.

సెన్సార్_సీమ

పెద్దాయన మాటలో తప్పు లేదు సార్, కానీ స్పీడు మర్చిపోయారు. ఘాట్లో స్పీడు తక్కువ, దూరం తక్కువ, కెమెరాకు లారీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆగిన బండికి బ్రేకు వేయడం తక్కువ స్పీడులోనే దీనికి బాగా వచ్చు. ఊళ్లో ముందు ఆటో హఠాత్తుగా ఆగినప్పుడు పనికొచ్చేది అదే. ఇంకో మాట, ఘాట్ దిగేటప్పుడు అసలు క్రూయిజ్ పెట్టొద్దు. అది బ్రేకు మీదే ఆధారపడి దిగుతుంది. గేరు తగ్గించుకుని మనమే దిగాలి.

తాడిపత్రి_లోడు

మా మాట కూడా రోంత వినండి. నాకు లారీలున్నాయి, నాపరాళ్ల లోడు. కార్లవాళ్లు మీలో మీరు ముచ్చట చెప్పుకుంటున్నారు గానీ మీ వెనక వచ్చేది మేము. ముందు ఏమీ లేకుండా కారు ఠక్కున ఆగితే, రాళ్లతో నిండిన బండి ఎట్ల ఆగుతుంది? పోయిన నెల ముద్దనూరు దాటినాక ఒక కొత్త కారు గేదె దూడను చూసి అట్లనే ఆగింది. మా డ్రైవరు కుడికి కోసుకున్నాడు, దేవుడి దయ, ఎదురు బండి లేదు. ఆ కారాయన దిగొచ్చి "నేను వేయలేదు, కారు వేసింది" అంటాడు. పోలీసు దగ్గర కూడా ఇదే చెప్తారా?

బండిపిచ్చి_అనంత

గేదె దూడకు బ్రేకేసిందంటే ఆ కారు గొప్పది. నా కారు గొర్రెల మందలోకి కూడా హాయిగా పోయేట్టుంది, ఒక్క కూత లేదు.

పెన్నొడ్డు_టీచర్

తాడిపత్రి_లోడు అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ముందు బండి ఎందుకు ఆగినా వెనకవాళ్లు ఆగగలిగినంత దూరం ఉండాలి కదా. దూడ కాకుండా ఒక పిల్లాడు అడ్డమొస్తే కారు ఇంకా గట్టిగానే ఆగుతుంది. మీ డ్రైవరు అంత దగ్గరగా ఎందుకున్నాడు?

తాడిపత్రి_లోడు

దూరం వదిలితే గమ్మున ఉంటారా అమ్మా? ఇద్దరు కార్లోళ్లు, ఒక ఆటో, రెండు బైకులు మధ్యలోకి వచ్చేస్తాయి. అప్పుడు మళ్లీ వెనక్కి తగ్గాలి. అట్ల తగ్గుకుంటా పోతే మళ్లీ తాడిపత్రికే చేరతాం.

కర్నూలు_ట్రావెల్స్

ఈ మాట కరెక్టు. క్రూయిజ్‌లో దూరం ఎంత చిన్నది పెట్టినా సరే, ఆ సందులోకి ఎవడో ఒకడు దూరతాడు. దూరినప్పుడల్లా బండి తగ్గుతుంది, వెనకోడు హారన్ కొడతాడు. అందుకే నేను డోన్, కర్నూలు దగ్గర ట్రాఫిక్ ఉన్నప్పుడు పెట్టను.

గుత్తి_జంక్షన్

నాదొక చిన్న ముక్క. దసరాకు ఆయుధపూజ చేసి బానెట్ ముందు బంతిపూల దండ కట్టినాం, నిమ్మకాయలు, మిరపకాయలు సరేసరి. పండగ మరుసటి రోజు బండి తీస్తే మీటర్లో ముందు రాడార్ మూసుకుపోయింది అని వచ్చింది. మా తమ్ముడు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. వాళ్లు స్కానర్ తెస్తామన్నారు. మా ఆవిడ వచ్చి దండ పక్కకు జరిపింది. మెసేజ్ పోయింది.

డోన్_డీజిల్

దిష్టి రాడార్‌కే తగిలింది.

తాడిపత్రి_లోడు

ఎర్రగుంట్ల వైపు తిరిగితే దండ కూడా అక్కర్లేదు. సిమెంటు బల్కర్ల వెనక ఒక గంట పోతే బంపరంతా బూడిదే.

బండిపిచ్చి_అనంత

అవును, ఆ దుమ్ము మీద వాన చినుకు పడితే గట్టిపడిపోతుంది. తడిబట్టతో మెల్లగా నానబెట్టి తుడవాలి. ఇంకొందరు ముందు ఇనుప గార్డు వేయిస్తారు, మాకు సెక్యూరిటీ అని. గార్డులు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఎయిర్‌బ్యాగ్ సెన్సార్‌కూ, ఎదురుగా నడిచే మనిషికీ అవి ప్రమాదం. ఇప్పుడు రాడార్‌కు కూడా అడ్డం. అయినా మా టౌన్లో సప్తగిరి సర్కిల్ దగ్గర రోజూ నాలుగు కనబడతాయి.

పెన్నొడ్డు_టీచర్

నేను అనంతపురంలో ఉంటా, ఉద్యోగం రాప్తాడు అవతల. నా కారు చిన్నది, ఆడవాళ్లకు ఇదెందుకని షోరూమ్‌లో తక్కువ వేరియంట్ అంటగట్టబోయారు, నేను వినలేదు. నాకు నిజంగా పనికొచ్చింది ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. పక్క అద్దంలో వెలిగే పసుపు లైటు. హైవేలో ఎడమవైపు నుంచి ఓవర్‌టేక్ చేసే బైకులు మన అద్దంలో ఒక్క క్షణం కనిపించి మాయమైపోతాయి, సరిగ్గా ఆ సమయంలోనే మనం ఎడమకు తిప్పుతాం. మరూరు టోల్ దాటాక ఒక జంట, మధ్యలో పిల్లను కూర్చోబెట్టుకుని, నా ఎడమ తలుపు పక్కనే వస్తున్నారు. నాకు కనబడలేదు. లైటు వెలిగింది, ఇండికేటర్ వేసేసరికి కూత కూడా పెట్టింది. స్టీరింగ్ కదపలేదు. వాళ్లకు ఏం తెలీదు, పిల్ల నా వైపు చూసి చెయ్యి ఊపుకుంటూ పోయింది.

రెండోది, వెనక్కి తీసేటప్పుడు పక్కనుంచి వచ్చేవాటిని చెప్పేది. బజారులో రెండు పెద్ద బండ్ల మధ్య నుంచి రివర్స్ తీయాలంటే నాకు టెన్షన్. ఇప్పుడు ఆటో ఇంకా నాకు కనిపించకముందే అది అరుస్తుంది. పాత_అంబాసిడర్ సార్, మీరు మెడ తిప్పి చూస్తారు, సరే. మా అమ్మకు మెడనొప్పి, ఆమె కూడా కారు నడుపుతుంది.

పాత_అంబాసిడర్

రివర్స్‌ది ఒప్పుకుంటా. అది కావాలి. మెడ నాకూ నొప్పే.

కడప_కారువాడు

వైవీ స్ట్రీట్లో రివర్స్ తీసేటప్పుడు అది ఆగకుండా అరుస్తూనే ఉంటుంది, ఎందుకంటే అక్కడ నిజంగానే ఆగకుండా వస్తూనే ఉంటారు.

బండిపిచ్చి_అనంత

కొంచెం చరిత్ర చెప్తా, కొత్తవాళ్లకు పనికొస్తుంది. ఇదంతా ముందు ఖరీదైన కార్లలోనే ఉండేది. 2021లో ఎక్స్‌యూవీ700, ఆస్టర్ కార్లు వచ్చాక మామూలు జనం నోట ఏడాస్ మాట వినబడింది. 2022లో హోండా సిటీ హైబ్రిడ్ ఒక్క కెమెరాతోనే పని కానిచ్చింది. 2023లో మన ఎర్రమంచిలో తయారయ్యే సెల్టోస్‌కు వచ్చింది. అదే ఏడాది వెన్యూ, 2024లో ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, ఆ ఏడాది చివర్లో కొత్త అమేజ్. అంటే నాలుగు మీటర్ల లోపు కార్లలోకీ దిగిపోయింది. ఇక వద్దన్నా తప్పదు. 2019 జూలై నుంచి 80 దాటితే బీప్ కొట్టే పెట్టె అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి చేసినప్పుడు కూడా మనం ఇట్లనే తిట్టుకున్నాం. 120 దాటితే ఆగకుండా కొడుతుంది, ఇప్పుడు ఎవరికీ అది వినబడనే వినబడదు.

డోన్_డీజిల్

వినబడనే వినబడదు అన్నావు చూడు, అదే నా భయం. ఇది కూడా అంతే అవుతుంది. పది సార్లు ఊరికే అరిస్తే, పదకొండోసారి నిజంగా అరిచినా మనం పట్టించుకోం.

సెన్సార్_సీమ

డోన్_డీజిల్ అన్నది ఈ చర్చ మొత్తంలో అసలు పాయింట్. మా ఆఫీసులో కూడా పెద్ద తలనొప్పి ఇదే. అరవాల్సిన చోట అరవకపోతే ప్రాణం పోతుంది. అక్కర్లేని చోట అరిస్తే జనం ఆఫ్ చేస్తారు, అప్పుడూ ప్రాణమే పోతుంది. ఐరోపా రోడ్ల మీద ట్యూన్ చేసింది తెచ్చి ఇక్కడ పెడితే రోజంతా అరుస్తుంది. మన ఆటోను వెనక నుంచి, ట్రాక్టర్ ట్రాలీ మీద పక్కలకు పొంగిన వరిగడ్డిని, కావిడి పట్టుకుని నడిచే మనిషిని, అన్నిటినీ దానికి చూపించి నేర్పాలి. గడ్డి ట్రాక్టర్ వెనక లైటు ఉండదు, రాత్రి కెమెరాకు అది బండి ఆకారంలోనే కనబడదు. రాడార్‌కు కూడా గడ్డి సరిగా దొరకదు, లోపలి ఇనుము దొరకాలి. కాబట్టి నంద్యాల వైపు కోతల కాలంలో రాత్రి పూట దీని మీద భారం వేయొద్దు.

నంద్యాల_చెక్‌పోస్ట్

మా వైపు ట్రాక్టర్లను ఊరికే అనొద్దు. ఈ మధ్య వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటిస్తున్నారు.

డోన్_డీజిల్

అంటిస్తారు, దాని మీద గడ్డి వేలాడుతుంది.

గుత్తి_జంక్షన్

ఒకటి అడగాలి. 2025 అక్టోబరులో కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర బస్సు, రోడ్డు మీద పడి ఉన్న బైకు, మంటలు, మన అందరికీ తెలిసిందే. ఆ బస్సుకు ఈ ఆటోమేటిక్ బ్రేకు ఉండుంటే?

సెన్సార్_సీమ

ఉండుంటే ఆగేది అని నేను చెప్పను. తెల్లవారుజామున, వానలో, పక్కకు పడిపోయిన బైకు. నిలబడి ఉన్న బైకును, మనిషిని గుర్తుపట్టడానికి నేర్పినంతగా పడి ఉన్న బైకును గుర్తుపట్టడం వీటికి నేర్పలేదు. అంత జరిగాక ఆ టెక్నాలజీ కాపాడేదని ఇక్కడ కూర్చుని రాయడం నాకు ఇష్టం లేదు. బస్సులకు, లారీలకు ఆటోమేటిక్ బ్రేకు, లేన్ హెచ్చరిక, డ్రైవరు తూగితే హెచ్చరిక తప్పనిసరి చేస్తామని కేంద్రం 2025లోనే ముసాయిదా ఇచ్చింది. అందులో తూగుడు హెచ్చరిక రాత్రి బస్సులకు ముందు రావాలని నా అభిప్రాయం.

తాడిపత్రి_లోడు

తూగుడుకు హెచ్చరిక ఎందుకు, ఇద్దరు డ్రైవర్లను పెట్టమనండి. ఒకడే హైదరాబాదు నుంచి బెంగళూరు దాకా లాగితే మిషన్ ఏం చేస్తుంది? కూత పెడుతుంది, వాడు టీ తాగుతాడు, మళ్లీ తూగుతాడు.

కర్నూలు_ట్రావెల్స్

నిజం. ఈ మాట నాలాంటివాడు చెప్తే సేటు వినడు.

వేదిక_నిర్వాహకుడు

ఆ ప్రమాదం గురించి ఇక్కడితో ఆపుదాం, మన సభ్యుల్లో ఆ ఊరివాళ్లున్నారు. కార్ల సంగతికి రండి.

నంద్యాల_చెక్‌పోస్ట్

మా బావమరిది వాటర్ బాటిల్ స్టీరింగ్‌కు తగిలిస్తాడు. చేతులు తీసేసినా కారు "చెయ్యి పెట్టు" అని అడగదట, బరువు ఉంది కదా. ఇన్‌స్టాలో రీల్ కూడా పెట్టాడు. ఇది సేఫేనా?

పెన్నొడ్డు_టీచర్

మీ చెల్లెలికి ఈ చర్చ లింకు పంపండి.

సెన్సార్_సీమ

కాదు, కాదు, కాదు. లెవెల్ 2 అంటే స్టీరింగ్, బ్రేకు రెండింటికీ సాయం చేస్తుంది, బాధ్యత మాత్రం మొత్తం డ్రైవరుదే. లెవెల్ 3 నుంచే కొన్ని పరిస్థితుల్లో కారు బాధ్యత తీసుకుంటుంది. మన దగ్గర షోరూముల్లో అమ్మేవి లెవెల్ 1, 2. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయో లేదో అది స్టీరింగ్ మీద పడే చిన్న ఒత్తిడిని బట్టి తెలుసుకుంటుంది. బాటిల్‌తో దాన్ని మోసం చేయొచ్చు. ఎదురొచ్చే రాంగ్ రూట్ బైకును మోసం చేయలేరు.

కడప_కారువాడు

సెన్సార్_సీమ అన్నా, లేన్ కీప్ ఆపేసి రెండు రోజులు నడిపా, ప్రాణం హాయిగా ఉంది. కానీ బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అదే ఆన్ అయిపోతోంది. రోజూ నొక్కుతూ ఉండాలా?

సెన్సార్_సీమ

కొన్ని కార్లు గుర్తుపెట్టుకుంటాయి, కొన్ని ప్రతిసారీ ఆన్ అవుతాయి. మీది రెండో రకం. స్టీరింగ్ మీది బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగే కార్లు ఉన్నాయి, మాన్యువల్ చూడండి. ఇంకో చిట్కా, గుంత తప్పించేటప్పుడు ఇండికేటర్ వేస్తే అది లాగదు. చాలా కార్లలో 60 దాటాకే అసలు అది పనిచేస్తుంది.

డోన్_డీజిల్

గుంతకో ఇండికేటర్ వేస్తే మా ఊరి రోడ్డులో కారు దీపావళే.

బండిపిచ్చి_అనంత

సాయంత్రం ప్రొద్దుటూరు నుంచి తాడిపత్రి వైపు పోతే ఇంకో తమాషా. పొద్దు సరిగ్గా ఎదురుగా దిగుతుంది. మనకు కళ్లు చీకట్లు కమ్ముతాయి, దానికీ కమ్ముతాయి. "కెమెరాకు కనిపించడం లేదు" అని మెసేజ్ ఇచ్చి చేతులెత్తేస్తుంది. నిజాయితీగా చెప్పింది కదా అని నాకైతే ముచ్చటేసింది. ఆ ఎండలో ఓవర్‌టేక్ చేసే మనవాళ్లు అది కూడా చెప్పరు.

నంద్యాల_చెక్‌పోస్ట్

టాపిక్ మారుస్తున్నందుకు ఏమనుకోకండి. మా కొలీగ్ కారు ముందు అద్దం మీద టిప్పర్ నుంచి కంకర రాయి పడింది. బయట షాపులో అద్దం సగం ధరకే వేస్తామంటున్నారు. కెమెరా దానికే అతికించి ఉంది. వేయించొచ్చా?

సెన్సార్_సీమ

అద్దం వేయించడం కష్టం కాదు, ఆ తర్వాత కెమెరాను మళ్లీ సరిచూడాలి, కాలిబ్రేషన్ అంటారు. కొన్నింటికి కారు ముందు కొలత ప్రకారం బోర్డు నిలబెట్టి చేస్తారు, కొన్నింటికి స్కానర్ పెట్టుకుని గీతలున్న రోడ్డులో నడిపి చేస్తారు. కెమెరా కోణం కొద్దిగా తేడా వచ్చినా దూరంలో అది మీటర్ల తేడా అవుతుంది. బయట షాపులో ఆ పరికరం ఉందో లేదో ముందు అడగమనండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయితే ఎస్టిమేట్‌లో అద్దంతో పాటు కాలిబ్రేషన్ కూడా రాయించాలి, తర్వాత అడిగితే గొడవ. కెమెరా ముందు దేవుడి స్టిక్కర్ అంటించొద్దని కూడా చెప్పండి.

నంద్యాల_చెక్‌పోస్ట్

స్టిక్కర్ ఆల్రెడీ ఉంది. ఆంజనేయస్వామి. ఎవరు తీస్తారు?

పెన్నొడ్డు_టీచర్

కొత్త అద్దం మీద రెండు అంగుళాలు పక్కకు అంటించమనండి, స్వామి ఏమీ అనుకోడు.

కర్నూలు_ట్రావెల్స్

మా సేటు ఇంకో బండి తెస్తానంటున్నాడు, నన్ను చూసి చెప్పమన్నాడు. ఏడాస్ బాగుందా లేదా అని టెస్ట్ డ్రైవ్‌లో ఎట్ల తెలుస్తుంది?

బండిపిచ్చి_అనంత

టౌన్లో ఏం తెలీదు. ఓర్వకల్లు వైపు హైవే మీదికి తీసుకుపో. ముందు లారీ వెనక క్రూయిజ్ పెట్టి, లారీ పక్కకు తప్పుకుంటే ఎంత వేగంగా లేస్తుందో చూడు. లేన్ కీప్ ఆఫ్ చేసి, బండి ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి గుర్తుపెట్టుకుందో లేదో చూడు. పక్క అద్దం లైటు ఎండలో కనబడుతోందా చూడు, కొన్నింట్లో మధ్యాహ్నం అసలు కనబడదు. ఊళ్లోకి వచ్చాక రివర్స్ తియ్యి. సేల్స్ పిల్లోడు రేడియో పెడితే కట్టెయ్యమను, కూతలు వినాలి.

కర్నూలు_ట్రావెల్స్

ఓర్వకల్లు దాకా ఎవడు ఇస్తాడన్నా? పోయినసారి బళ్లారి చౌరస్తా దాటకముందే "సార్, యూటర్న్" అన్నాడు.

డోన్_డీజిల్

పెట్రోలు నువ్వే పోయిస్తానని చెప్పు, ఆలూరు దాకా ఇస్తాడు.